లారీ ఎందుకు ఆగింది, మీ మొక్కలు ఎప్పుడు బయల్దేరతాయి

ఆర్డర్లు ఇచ్చి ఎదురుచూస్తున్న వాళ్లందరికీ కడియంలోని మా నర్సరీ నుంచి నమస్కారమండి. "లారీ రిపేరులో ఉంది" అని మా కుర్రాడు ఫోన్లో చెప్పిన ముక్క చాలామందికి సాకులా వినిపించిందని నాకు తెలుసు. తొలకరి పడ్డాక గుంతలు తీయించి, ఎరువు కలిపి పెట్టుకుని కూర్చున్న మనిషికి ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది మరి. అందుకే అసలు ఏం జరిగింది, ఎంతయింది, ఇప్పుడు ఎవరి లోడు ఎప్పుడు అన్నది దాచకుండా రాస్తున్నాను. కాస్త పొడుగైంది, తొందరలో ఉన్నవాళ్లు నేరుగా కిందికి వెళ్లి రోజులు చూసుకోండి.

మాది 2012 మోడల్ ఆరు చక్రాల లారీ. ఇంజను బాగుంది, బాడీలో మొక్కలు మూడు వరసల్లో నలగకుండా నిలబడేలా రాక్‌లు వెల్డింగ్ చేయించుకున్నాం, కాబట్టి పాతదైందని అమ్మేసే ఆలోచన నాకైతే లేదు. ఎండాకాలం చివర్లో డ్రైవరు ఒక మాట అన్నాడు, స్టీరింగ్ ఆయిల్ తరచూ తగ్గుతోంది, పోస్తూ నడిపిస్తున్నానని. పోస్తూ నడపడం లారీల వాళ్లకి మామూలే, సీటు వెనక ఒక డబ్బా పెట్టుకుంటారు, తగ్గినప్పుడల్లా కాస్త పోస్తారు, బండి నడిచినంత కాలం ఎవరూ పట్టించుకోరు. ఆ తర్వాత మలుపు తిప్పినప్పుడల్లా, ఆయిల్ ఒత్తిడితో స్టీరింగ్‌ని తేలిక చేసే పంపు మూలగడం మొదలైంది. కస్టమర్ల గేట్ల ముందు రివర్సు చేస్తుంటే స్టీరింగ్ ఉండుండి బిగుసుకుంటోందన్నాడు. నేనే వెళ్లి ఆయిల్ ట్యాంకు మూత తీసి చూశాను. ఎర్రగా, తేటగా ఉండాల్సిన ఆయిల్ మీద లేత గులాబీ రంగు నురగ, చిలికిన మజ్జిగ మీద తేలినట్టు తేలుతోంది. అంటే ఆయిల్ బయటికి పోవడమే కాదు, లోపలికి గాలి కూడా వెళ్తోంది.

అక్కడితో లోడు ఆపేశాను. పంపు సాయం పోయినా స్టీరింగ్ తెగిపోదు, చక్రాలు తిరుగుతాయి, కాకపోతే పంపు పెట్టాల్సిన బలమంతా డ్రైవరు భుజాలే పెట్టాలి. ఖాళీ బండిని అలా ఎలాగోలా ఇంటికి తెచ్చుకోవచ్చు. తడి మట్టి సంచులతో నిండా లోడు వేసుకుని, కోనసీమలో కాలువ గట్టు రోడ్డు మీద, ఎదురుగా స్కూలు బస్సు వస్తున్నప్పుడు ఆ పని చేయమని నేను ఎవరికీ చెప్పలేను. "రెండు డబ్బాలు వేసుకుని వెళ్లొచ్చేస్తానండి" అని డ్రైవరు ధైర్యంగానే అన్నాడు. వద్దన్నాను.

ఇక కారుతున్నది ఎక్కడ? చూసిన ప్రతివాళ్లూ ఒకే మాట: డ్రాప్ ఆర్మ్ సీలు, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, పోయింది. స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకి అందించే గేర్ల పెట్టె, అదే స్టీరింగ్ బాక్సు, దాని అడుగున చక్రాల వైపు వెళ్లే లావాటి ఆర్మ్ ఒకటి ఉంటుంది కదా, చుక్కలు ఆ ఆర్మ్ కొన నుంచే పడుతున్నాయి, కాబట్టి అందరికీ అదే అనిపించింది. ఇక్కడి షాపులో బాక్సు దింపి మొత్తం విప్పాలి, రూ.22,000 దాకా అవుతుంది, తర్వాత చూద్దాం అన్నారు. ఆ "తర్వాత చూద్దాం" నాకు నచ్చలేదు. రాజమండ్రిలో చాలా ఏళ్లుగా స్టీరింగ్ పనే చేస్తున్న పెద్దాయన ఒకరున్నారు, ఆయన్ని పిలిపించాను. ఆయన బండి కింద పడుకుని చూసి, "ఆయిల్ పైనుంచి కిందికే కదండీ కారేది, కింద చుక్క కనబడితే కింద సీలే పోయిందంటారేంటి" అని, స్పానరు ముట్టకుండా ముందు డీజిలూ బ్రష్షూ అడిగాడు.

ఆయన చేసిన పని ఎవరైనా చేసుకోవచ్చు కాబట్టి వివరంగా చెబుతున్నాను, మీలో ట్రాక్టర్లు, లారీలు ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. బాక్సు, పంపు, పైపులు అన్నీ ఏళ్ల నాటి జిడ్డు పోయేదాకా డీజిల్‌తో కడిగించాడు. గాలి కొట్టి, పాత చీర ముక్కలతో పొడిగా తుడిచాడు. ఆ తర్వాత మా ఇంట్లోంచే పిల్లల పౌడరు డబ్బా తెప్పించి ప్రతి జాయింటు మీదా పల్చగా చల్లాడు. బండి స్టార్ట్ చేసి డ్రైవరు స్టీరింగ్ నెమ్మదిగా ఆ చివరికీ ఈ చివరికీ తిప్పుతుంటే, ఈయన పక్కనుంచి టార్చి వేసి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి తెల్లటి పౌడరు మీద ఎర్రటి గీత ఒకటి దిగడం మొదలైంది, క్యాబిన్‌లోంచి వచ్చే స్టీరింగ్ రాడ్డు బాక్సులోకి దూరే చోట, పైన. అక్కడి సీలు దగ్గర పుట్టి, బాక్సు పక్కగా జారి, డ్రాప్ ఆర్మ్ కొనకి చేరి చుక్కగా పడుతోంది. కింద సీలు చుట్టూ పౌడరు పొడిగానే ఉంది.

వెతికేటప్పుడు పంపు నుంచి బాక్సుకి వెళ్లే ప్రెషర్ పైపుని మాత్రం చేత్తో తడమనివ్వలేదు. మలుపులో దాంట్లో ఒత్తిడి లారీ టైరులో గాలికి పదింతలు దాటుతుంది, సూది మొనంత చిల్లు ఉన్నా ఆ ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అనుమానం ఉంటే అట్ట ముక్క అడ్డం పెట్టి చూడాలి, వేలు పెట్టకూడదు.

సీలు దొరికింది, మార్చేస్తే అయిపోతుందనుకున్నాం. ఆయన ఒప్పుకోలేదు. ఆ పై సీలుకి ట్యాంకుకి వెనక్కి పోయే ఆయిల్ ఒత్తిడి మాత్రమే తగులుతుంది, ఎక్కువ బలం పడదు, మరి ఎందుకు పోయిందన్నది ఆయన ప్రశ్న. బాక్సు నుంచి ట్యాంకుకి వెనక్కి వచ్చే పైపు విప్పి ఊదమన్నాడు. మా కుర్రాడు బుగ్గలు ఎర్రబడేలా ఊదినా గాలి సరిగా పోలేదు. బ్లేడుతో పైపుని నిలువునా కోస్తే, బయట బాగానే ఉంది కానీ లోపలి రబ్బరు పొర ఉబ్బి, ఊడి, దారికి అడ్డంగా నాలుకలా వేలాడుతోంది. ట్యాంకులో ఫిల్టరు నిండా నల్లటి రబ్బరు రవ్వ. వెనక్కి పోవాల్సిన ఆయిల్‌కి దారి లేక ఒత్తిడి పెరిగి సీలుని తోసేసింది. దారిలో ఆయిల్ దొరక్క బ్రేక్ ఆయిల్ పోస్తే ఇలాగే అవుతుందని, స్టీరింగ్ రబ్బర్లకి అది పడదని చెప్పాడు. సీలు ఒక్కటే మార్చుంటే నెల తిరక్కుండా అదీ పోయేది. అసలు రోగం అక్కడుంటే రూ.22,000 పోసి బాక్సు విప్పినా ఏం లాభం చెప్పండి.

సీల్ కిట్టు, పైపులు విజయవాడ ఆటోనగర్ నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించాం. మొదట పంపిన కిట్టు సైజు సరిపోక తిప్పి పంపాల్సి వచ్చింది, ఆలస్యంలో సగం దానివల్లే. బిగించాక ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజను ఆపి ఉంచే స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ, తర్వాత స్టార్ట్ చేసి తిప్పుతూ, ట్యాంకులో బుడగలు ఆగేదాకా గాలి తీశారు. స్టీరింగ్ చివరిదాకా తిప్పి అలాగే పట్టి ఉంచొద్దని పెద్దాయన డ్రైవరుకి గట్టిగా చెప్పాడు, అలా పట్టుకుంటే ఆయిల్ మరిగి పంపు పాడవుతుందట. మీ గేటు దగ్గర ఇక మా డ్రైవరు నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఆడిస్తే విసుక్కోకండి.

అంతా అయ్యాక కూడా తెల్లారి చూస్తే బండి కింద పరిచిన అట్ట మీద చిన్న ఎర్ర మచ్చ. ఈసారి ట్యాంకు నుంచి పంపుకి దిగే పైపు క్లిప్పు వదులు. ఇంజను నడిచేటప్పుడు పంపు ఆయిల్‌ని లాక్కుంటుంది కాబట్టి అక్కడ బయటికి కారదు, గాలిని పీలుస్తుంది, బండి ఆగాక మాత్రం మెల్లగా ఊరుతుంది. నురగకి కారణం అదే. కొత్త క్లిప్పు వేశాక మళ్లీ గాలి తీసి, ఇసక లోడు వేసి రావులపాలెం దాకా తిప్పుకొచ్చాం. అట్ట పొడిగా ఉంది, మూలుగు లేదు.

మొత్తం ఖర్చు రూ.9,400. ఇది మీ కిరాయిలో కలపడం లేదు, మాట్లాడుకున్న కిరాయే.

బయటి లారీ ఎందుకు పెట్టలేదని చాలామంది అడిగారు. రాక్‌లు లేని బండిలో అంటు మొక్కలు ఒకదాని మీద ఒకటి పడి అంటు దగ్గరే విరుగుతాయి, టార్పాలిన్ కింద ఆవిరికి ఆకు మాడుతుంది, దిగాక ఆ గొడవ మళ్లీ నా దగ్గరికే వస్తుంది. పెద్ద చెట్లు, కొబ్బరి మొక్కలైతే బయటి బండిలో వెళ్తాయి. అవి ఆర్డరు చేసి ఆగలేని వాళ్లు చెప్పండి, కిరాయి తేడాలో సగం నేను పెట్టుకుంటాను. మీకోసం తవ్వి గోనె కట్టిన చెట్లన్నీ షేడ్ నెట్ కింద ఉన్నాయి, రోజూ తడుపుతున్నాం. వాటిలో రెండు గన్నేరు చెట్లు ఆకు రాల్చాయి, వాటి బదులు వేరేవి పెడతాను. అసలు వద్దనుకునే వాళ్లకి అడ్వాన్సు మొత్తం తిరిగి వేస్తాను, నేను ఏమీ అనుకోను.

కోనసీమ, కాకినాడ వైపు లోడ్లు బుధ, గురువారాల్లో. హైదరాబాద్ లోడు శుక్రవారం రాత్రి బయల్దేరుతుంది, విజయవాడలో ఇవ్వాల్సినవి కూడా అందులోనే. విశాఖ వాళ్లది ఆ తర్వాతి సోమవారం. ముందు రోజు సాయంత్రం మా కుర్రాడు ఫోన్ చేసి మొక్కల లెక్క చదువుతాడు, దయచేసి ఫోన్ ఎత్తి సరిచూసుకోండి. గేటు సన్నగా ఉన్నవాళ్లు అప్పుడే చెబితే చిన్న ఆటో మాట్లాడి ఉంచుతాం.