పాప ఇంకా దొరకలేదు, అయినా మీ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక మాట చెప్పేస్తాను. పైన కృతజ్ఞతలు అని చూసి పాప దొరికిందని అనుకునేవాళ్ళు ఉంటారు. మొన్న మే 25న లాడ్జి సెంటర్లో అందరం కలిసినప్పటి నుంచి వస్తున్న ఫోన్లు కూడా "దొరికిందంట కదా" అనే మొదలవుతున్నాయి. లేదండీ. మా పాప ఇంకా దొరకలేదు. కానీ మూసెయ్యబోయిన కేసును మళ్ళీ తెరిచారు. ఫైలు ఇప్పుడు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగం దగ్గర ఉంది. అక్క, బావల రక్తం డీఎన్ఏ పరీక్ష కోసం తీసుకున్నారు. ఇన్నేళ్ళూ మీరు అడగడం మానలేదు కాబట్టే ఇదంతా జరిగింది.

నేను పాపకు మేనమామను. గుంటూరు మిర్చియార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తాగా చేస్తున్నాను. అక్క రాయమంటే రాస్తున్నాను. ఇందులో కొన్ని మాటలు తను పక్కన కూర్చుని చెప్పినవే. పేర్లు వద్దని చాలామంది అన్నారు, అందుకే ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి గురించో మీకే తెలుస్తుంది.

తెలియనివాళ్ళ కోసం జరిగింది చెప్తాను. 2018 ఫిబ్రవరిలో, సాయంత్రం పూట, ఇంటి ముందు ఆడుకుంటున్న పాపను ఒకామె చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకెళ్ళింది. అప్పుడు పాపకు నాలుగేళ్ళు. కిరాణా కొట్టు కెమెరాలో సందు చివరి దాకా ఇద్దరూ కనిపిస్తారు. ఆమె తల చుట్టూ చున్నీ కప్పుకుని ఉంది, ముఖం తెలియదు. పాప ఏడవడం లేదు. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ రాత్రి స్టేషన్‌కి వెళ్తే "చుట్టాలెవరైనా తీసుకెళ్ళుంటారు, రేపు పొద్దున రండి" అన్నారు. పిల్ల కనపడలేదని ఫిర్యాదు వస్తే వెంటనే ఎఫ్ఐఆర్ కట్టాలని, ఎత్తుకెళ్ళారనే అనుకుని దర్యాప్తు మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2013 మేలోనే చెప్పిందట. ఆ సంగతి మాకు చాలా కాలానికి తెలిసింది. ఇది చదివేవాళ్ళకు ఇప్పుడే తెలియాలని రాస్తున్నాను.

మొదట ఆ వకీలమ్మగారికి నమస్కారం పెట్టుకోవాలి. పోయిన ఏడాది మాకు ఒక నోటీసు వచ్చింది. నేరస్థులెవరో తేలలేదు కాబట్టి కేసును అన్‌డిటెక్టెడ్ కింద మూసేస్తున్నామని దాని సారాంశం. బావ ఆ కాగితాన్ని మడిచి దేవుడి గూట్లో పెట్టేశాడు. ఇక అంతేనని అందరం అనుకున్నాం. ఎవరో చెప్తే ఆవిడ ఫోన్ చేసి, నోటీసు వచ్చినంత మాత్రాన అయిపోయినట్టు కాదని, ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకు మేజిస్ట్రేట్ కోర్టులో అభ్యంతరం చెప్పుకునే హక్కు ఉందని చెప్పారు. నాలుగు నెలల్లో బిడ్డ దొరక్కపోతే కేసును అక్రమ రవాణా నిరోధక విభాగానికి పంపాలనే నియమం ఉందని కూడా ఆవిడే పట్టుకున్నారు. మా ఫైలు ఏళ్ళు గడిచినా అక్కడికి వెళ్ళలేదు. కోర్టు తదుపరి దర్యాప్తుకు ఆదేశించింది. ఫీజు మాట ఎత్తితే ఆవిడ ఇప్పటికీ కోప్పడతారు.

ఇక డ్రాయింగ్ మాస్టారు. ఈయన గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి.

పాత పోస్టర్ మీద నాలుగేళ్ళ పాప ఉంది. బుగ్గలు, రెండు పిలకలు, పండగ గౌను. ఆ ఫోటో చూసినవాళ్ళెవరైనా నాలుగేళ్ళ పిల్ల కోసమే చూస్తారు. పాపకు ఇప్పుడు పన్నెండేళ్ళు. పక్కనే నిలబడినా ఎవరూ గుర్తుపట్టరు. మాస్టారు తనంతట తనే ఇంటికి వచ్చి, పాప ఇప్పుడెలా ఉండొచ్చో గీసిస్తానన్నారు. పాప ఫోటోలు ఎన్ని ఉంటే అన్నీ అడిగారు. అక్కవీ, బావవీ పన్నెండు, పదమూడేళ్ళప్పటి ఫోటోలు కూడా కావాలన్నారు. అక్కది ఏడో తరగతి గ్రూపు ఫోటో దొరికింది. బావది అక్క వాళ్ళ అత్తగారి ట్రంకు పెట్టెలో, ఎవరిదో పెళ్ళి ఆల్బంలో ఒక మూల దొరికింది.

ఆయన గీస్తూ చెప్పిన సంగతులు నాకు బాగా గుర్తున్నాయి. చిన్నపిల్లల ముఖం గుండ్రంగా ఉంటుంది, దవడ పొట్టిగా ఉంటుంది. పెరిగేకొద్దీ ముఖం కింది భాగం సాగుతుంది, ముక్కు దూలం లేస్తుంది, పాలపళ్ళు పోయి పెద్ద పళ్ళు వస్తాయి కాబట్టి నవ్వే మారిపోతుంది. చెవి ఆకారం మాత్రం పెద్దగా మారదు. కళ్ళ తీరు కూడా చాలావరకు నిలుస్తుంది. అందుకని చెవులు, కళ్ళు పాపవే ఉంచి, మిగతాదానికి అక్కనూ బావనూ చూసుకుంటూ గీశారు. బొమ్మ పూర్తయ్యాక అక్క చాలాసేపు చూసింది. ఏడుస్తుందని భయపడ్డాం. ఏడవలేదు. "జుట్టు ఇంత పల్చగా ఉండదు మాస్టారూ, మా అమ్మ పోలిక, ఒత్తుగా ఉంటుంది" అంది. ఆయన మళ్ళీ కూర్చుని రెండు జడలు వేసి ఇచ్చారు. ఇప్పుడు పోస్టర్ మీద ఉన్నది అదే. పక్కన పాత ఫోటో కూడా చిన్నగా ఉంచాం. తప్పిపోయిన పిల్లల వివరాలు ఉంచే ప్రభుత్వ మిషన్ వాత్సల్య పోర్టల్లో పాప వివరాల దగ్గర ఈ కొత్త బొమ్మ కూడా చేర్చమని అధికారులకు ఇచ్చాం, తీసుకున్నారు.

ఆధార్‌తో తెలియదా అని ఎంతోమంది అడిగారు. ఐదేళ్ళలోపు పిల్లల ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప ముద్రలు ఉండవు, ఫోటో ఒక్కటే ఉంటుంది. అవి ఐదేళ్ళు నిండాక ఇస్తారు. మా పాపకు ఆ వయసు రాకముందే తీసుకెళ్ళారు. మీ ఇంట్లో ఐదు దాటిన పిల్లలుంటే రేపే వెళ్ళి వేలిముద్రలు ఇప్పించండి. ఇది అక్క మరీ మరీ రాయమన్న మాట.

మిర్చియార్డు మనుషులకు ఏమని చెప్పను? నా వాళ్ళే కాబట్టి చెప్పడం ఇంకా కష్టంగా ఉంది. సీజన్లో ఇక్కడి నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తుకున్న లారీలు మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఢిల్లీ, బెంగాల్, తమిళనాడు వెళ్తాయి. తెలుగు పోస్టర్ తెలుగు దేశం దాటితే పనికిరాదని మొదట అన్నది ఒక హమాలీ అన్న. హిందీలో మా కొట్టుకి వచ్చే కొనుగోలుదారు రాసిచ్చాడు. ఒడియాలో రైల్వే ఉద్యోగి ఒకాయన, తమిళంలో ఒక నర్సమ్మ, మరాఠీలో ఒక లారీ డ్రైవరు భార్య రాసిచ్చారు. అరండల్‌పేటలో ప్రెస్ ఆయన కాగితం డబ్బులు తప్ప ఏమీ తీసుకోలేదు, చివరికి అవీ వెనక్కి పంపించారు. హమాలీలు లోడు ఎత్తాక, తాడు బిగించే ముందు, లారీ వెనక తలుపుకి పోస్టర్ అంటించి పంపేవాళ్ళు. ఇది ఎవరూ చెప్పిన పని కాదు, కూలి లేని పని. ధాబాల గోడల మీద, టోల్ గేట్ల దగ్గర మన పోస్టర్ చూశామని డ్రైవర్లు ఫోటోలు తీసి పంపుతుంటే, పాప దారి మేం కొంచెం కొంచెం నడుస్తున్నట్టు అనిపించేది.

అలా వెళ్ళిన ఒక డ్రైవర్ అన్న, దారిలో ఒక ధాబాలో గిన్నెలు తోముతున్న చిన్న పిల్లవాణ్ణి చూసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాడు. మా పాప కోసం చూస్తున్న కళ్ళకు ఆ పిల్లవాడు కనిపించాడు. అధికారులు వచ్చి తీసుకెళ్ళారు, బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టారు. అంతకుమించి ఆ బాబు వివరాలు రాయకూడదు, చట్టం కూడా ఒప్పుకోదు. ఆ కబురు విన్న రోజు అక్క అన్నం తింది. ఆ అన్నకు ఇది తెలియాలి.

ఇప్పుడు గుంటూరు రైల్వే స్టేషన్ దగ్గర జరిగింది. దీని గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయాలి.

పాప కనిపించకుండా పోయిన ఏడాదే, 2018లో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పుట్టి దేశమంతా అమాయకుల్ని కొట్టారు, చంపారు. మహారాష్ట్ర ధూళే జిల్లాలో ఒకే రోజు ఐదుగురిని కొట్టి చంపేశారు. ఆ పుకార్ల తర్వాతే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చెయ్యకుండా ఆపింది. మా పాప ఫోటోను కూడా అలాంటి వీడియోలకు తగిలించి తిప్పారు. ఆ బాధ వేరు.

ఈ మధ్య కొత్త బొమ్మ బాగా తిరుగుతున్న రోజుల్లో, స్టేషన్ బయట బొమ్మలు అమ్ముకునే ఒకామెనూ ఆమె కూతురినీ జనం చుట్టుముట్టారు. పిల్ల రెండు జడలతో ఉంది. రంగు తేడాగా ఉందని ఒకరు, అచ్చం ఆ బొమ్మే అని ఒకరు. ఆమెకు తెలుగు సరిగా రాదు. అప్పుడు ఒక ఆటో అన్న మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాడు. "ఎవరూ చెయ్యి వెయ్యొద్దు, ఫోన్ చేశాను, పోలీసులు వస్తున్నారు" అని, వాళ్ళు వచ్చేదాకా తల్లినీ పిల్లనీ తన ఆటోలో కూర్చోబెట్టి తను బయట కాపలా ఉన్నాడు. ఆయనకు కూడా రెండు దెబ్బలు తగిలాయి. విచారిస్తే ఆ పిల్ల ఆమె కన్నబిడ్డే. కాగితాలన్నీ ఉన్నాయి.

అక్క ఆ సాయంత్రం వెళ్ళి ఆమె చేతులు పట్టుకుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఒకరి భాష ఒకరికి రాదు. ఆ పిల్లకు గాజులు కొనిచ్చి వచ్చింది. ఆటో అన్నా, నువ్వు ఆ రోజు అక్కడ లేకపోతే మా పాప పేరు మీద ఇంకో తల్లికి అన్యాయం జరిగిపోయేది. మా ఇంట్లో నీ పేరు రోజూ తలుచుకుంటారు.

అందుకే అందరినీ వేడుకుంటున్నాను. అనుమానం వస్తే 1098కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి. ఎవరినీ పట్టుకోవద్దు, కొట్టొద్దు, వీడియో తియ్యొద్దు. పాప ఎడమ మోచెయ్యి కింద కాలిన మచ్చ ఉందని పోస్టర్ మీద ఉంది. ఇంకో గుర్తు కూడా ఉంది, అది కావాలనే ఎక్కడా రాయలేదు, పోలీసులు వద్దన్నారు. పాప మా దగ్గరుంది, డబ్బు పంపండి అని ఫోన్ చేసినవాళ్ళను ఆ గుర్తు అడిగే పట్టుకుంటున్నాం.

విలేకరి అన్నకు. పేపర్లో ఏదైనా రావాలంటే కొత్త విషయం ఉండాలంటారు. పిల్ల పోయిన ఇంట్లో కొత్త విషయం ఏముంటుంది? నిన్న లేదు, ఇవాళా లేదు. అయినా ప్రతి ఫిబ్రవరిలో మీరు ఏదో ఒకటి వెతికి పట్టుకుని నాలుగు ముక్కలైనా వేయించారు. ఆ కటింగులన్నీ వకీలమ్మగారు కోర్టులో పెట్టారు. కేబుల్ టీవీ వాళ్ళకు, బొమ్మ కింద స్క్రోలింగ్ నడిపినందుకు. బదిలీ అయి వేరే స్టేషన్‌కి వెళ్ళినా, తప్పిపోయిన పిల్లల్ని వెతకడానికి పోలీసులు జనవరిలో చేసే ఆపరేషన్ స్మైల్, జులైలో చేసే ఆపరేషన్ ముస్కాన్ వచ్చినప్పుడల్లా పాప బొమ్మ వెంట తీసుకెళ్ళి హోముల్లో చూపించే హెడ్ కానిస్టేబుల్ మేడమ్‌కు. సీఐలు మారినప్పుడల్లా మేం మొదటి నుంచి కథంతా చెప్పుకోవాల్సి వచ్చేది. మీరు ముందే వెళ్ళి చెప్పి ఉంచేవారు. మాకు తెలుసు మేడమ్.

మే 25న లాడ్జి సెంటర్లో అంబేద్కర్ విగ్రహం దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ. ఆ ఎండలో ఎవరొస్తారులే అనుకున్నాం. వేసవి సెలవుల్లో యార్డు మూసి ఉన్నా హమాలీలు ఊళ్ళ నుంచి వచ్చారు. పాపతో అంగన్వాడీకి వెళ్ళిన పిల్లలు, ఇప్పుడు ఏడో తరగతి వాళ్ళు, వాళ్ళ అమ్మలతో వచ్చారు. అక్క వాళ్ళ ఎత్తు చూస్తూ ఉండిపోయింది.

ఆ రోజే ఎందుకో వకీలమ్మగారు అక్కడ చెప్పారు. 1979 మే 25న న్యూయార్క్‌లో ఈటన్ పాట్జ్ అనే ఆరేళ్ళ బాబు స్కూలు బస్సు దగ్గరికి ఒంటరిగా నడిచి వెళ్తూ మాయమయ్యాడు. 1983 నుంచి అమెరికాలో ఆ తేదీని తప్పిపోయిన పిల్లల కోసం పాటిస్తున్నారు, తర్వాత మరికొన్ని దేశాలూ పాటిస్తున్నాయి. 33 ఏళ్ళ తర్వాత, 2012లో, పోలీసులు ఒక చోట మళ్ళీ తవ్వుతున్నారని వార్తల్లో చూసి, ఒక మనిషి తన బావమరిది గురించి ఫోన్ చేసి చెప్పాడు. అరెస్టు అలా జరిగింది. 2017లో శిక్ష పడింది, 2025లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ బాబు మాత్రం దొరకలేదు. అమ్మానాన్నలు దశాబ్దాల పాటు ఆ ఇల్లూ, ఆ ఫోన్ నంబరూ మార్చలేదట. అక్క ఆ చివరి మాట దగ్గర తలెత్తింది. మా పాపకు అక్క నంబరు మొదటి ఆరు అంకెలు వచ్చు, మిగతావి నేర్పుతుండగా పోయింది. అక్క కూడా ఆ సిమ్ మార్చలేదు, ఆ ఇల్లు ఖాళీ చెయ్యలేదు.

జులైలో ముస్కాన్ మొదలయ్యేలోపు కొత్త బొమ్మ ఉన్న పోస్టర్లు విజయవాడ, తెనాలి, రేపల్లె వైపు వెళ్ళాలి. తెలుగువి, తమిళంవి అరండల్‌పేట ప్రెస్‌లో ఉన్నాయి, ఎవరైనా అడిగి ఊరికే తీసుకోవచ్చు. ఒడియావి అయిపోయాయి, శనివారానికి వస్తాయి. విజయవాడ స్టేషన్ పోర్టర్ అన్నలు రెండు కట్టలు కావాలని కబురు పెట్టారు, ఆదివారం నేనే తీసుకొస్తున్నాను.