సిరిసిల్ల సాంచాలకు ఒక్క ఆర్డరే దిక్కా?

సంపాదకులకు నమస్కారం.

పండుగకు మహిళలకు పంచేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన బతుకమ్మ చీరల ఆర్డరుతో సిరిసిల్ల మరమగ్గాల (సాంచాల) కార్మికులకు ఏటా కొన్ని నెలలు నికరమైన పని దొరికింది. అది ఆగినప్పుడు సాంచాలతోపాటు కిరాణా కొట్లు, టీ హోటళ్ల బేరాలూ పడిపోయాయి.

నూలు అరువు తెచ్చి, ఆసాములకు (యజమాని ఇచ్చిన నూలుతో సాంచాలు నడిపించేవారికి) కూలి చెల్లించి, కరెంటు బిల్లు కట్టి గుడ్డ నేయించే చిన్న యజమానికి సొమ్ము నెలల తరబడి రాకపోతే, చేతిలో పని ఉన్నా అతడు అప్పుల్లో కూరుకుపోతాడు. నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు సరుకు కొన్నవారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని, లేకుంటే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి చట్టం చెబుతోంది. అయినా తర్వాతి ఆర్డరు పోతుందన్న భయంతో చిన్నవారు ఫిర్యాదుకు జంకుతారు. ఆ భయం సహజం, అందుకే ప్రభుత్వ శాఖలే ముందుగా గడువు పాటించాలి.

బడిపిల్లల యూనిఫాంలు, ఆస్పత్రి దుప్పట్ల ఆర్డర్లను ఏడాది పొడవునా విడతలుగా ఇవ్వాలి. 1956లో ముల్కనూరు రైతులు సహకార సంఘంగా కూడినట్లే, ఆసాములూ పొదుపు కలిపి నూలును టోకున కొనుక్కునేందుకు జిల్లా యంత్రాంగం తోడ్పడాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, సిరిసిల్ల