రొయ్యల ప్లాంట్లలో బీపీ ఒక్కటే చూస్తే చాలదు

ఎడిటర్ గారికి,

కార్మికుల ఆరోగ్యం అనగానే మన కంపెనీలకు గుర్తొచ్చేవి జూన్ 21న యోగా, ఏడాదికోసారి బీపీ, షుగర్ క్యాంపు. మంచివే. కానీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలు తీసే, పెంకు ఒలిచే ఆడవాళ్ల ఊపిరితిత్తుల సంగతి బీపీ మిషన్‌కేం తెలుస్తుంది?

రొయ్య తింటేనే కాదు, దాని తుంపర పీల్చినా కొందరికి ఎలర్జీ వస్తుంది. బల్లలనూ నేలనూ ప్రెజర్ పైపుతో కడిగితే ఆ తుంపరంతా గాల్లోకి లేస్తుంది. తక్కువ ప్రెజర్‌తో కడగడానికి ఖర్చేమీ లేదు. రొయ్యకు నల్లమచ్చలు రాకుండా వాడే మెటాబైసల్ఫైట్‌ను నీళ్లలో కలిపితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు వెంటనే ఆయాసం పట్టేస్తుంది. ఆ మందు కలిపే తొట్టి దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండాలి. గుడ్డ మాస్కు గ్యాసును ఆపదు.

వారం సెలవున దగ్గు, పిల్లికూతలు తగ్గి, డ్యూటీకెక్కగానే తిరగబెడితే పని మీదే అనుమానపడాలి. ఊపిరి ఎంత వేగంగా వదలగలరో చూపే పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న ప్లాస్టిక్ గొట్టంలో గట్టిగా ఊదించి, రోజుకు నాలుగుసార్లు, పనిరోజుల్లోనూ సెలవుల్లోనూ, నాలుగు వారాలు అంకెలు రాయించాలి. క్యాంపులో ఒక్కసారి ఊదిస్తే ఏమీ తేలదు.

కిలో లెక్కన కూలి ఇచ్చేచోట ఇంకో చిక్కుంది. బాత్రూంకు వెళ్లాలంటే ఏప్రాన్, గ్లౌజులు, బూట్లు విప్పాలి, వచ్చాక మళ్లీ చేతులు క్లోరిన్ నీళ్లలో ముంచాలి. ఈలోగా కిలోలు తగ్గుతాయని నీళ్లు తాగడమే మానేస్తారు. తర్వాత మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్. నీళ్లు బాగా తాగండని గోడకు పోస్టర్ అంటించే బదులు, ఆ విరామానికి కూలి కట్టివ్వండి.

చిల్లుపడ్డ రబ్బరు గ్లౌజులో నీళ్లు నిలిచి వేళ్ల సందులు నాని ఒరిసిపోతాయి. లోపల నూలు గ్లౌజు వేసుకుని, తడిసినప్పుడల్లా మార్చాలి. రొయ్య తల ముల్లు గుచ్చుకున్న వేలికి నీళ్లు దిగని ప్లాస్టర్ వేయాలి.

నెలకు 21,000 రూపాయల లోపు జీతానికి ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, ఉంది. కార్మికుల వాటా 0.75 శాతం, యజమానిది 3.25. మామూలు జబ్బుకు జీతంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజులే. వృత్తి వ్యాధి, అంటే పని వల్లే వచ్చిన జబ్బు అని తేలితే పని చేయలేని రోజులకు 90 శాతం వస్తుంది. డాక్టరు చీటీ మీద 'ఆస్తమా' (ఉబ్బసం) అని మాత్రమే రాసి, చేసే పని రాయకపోతే ఆ తేడా దక్కదు. అందుకే ఆ అంకెలు రాసిన పీక్ ఫ్లో కార్డు మేనేజరు బీరువాలో కాక, కార్మికురాలి దగ్గరే ఉండాలి.

– ఒక వృత్తి ఆరోగ్య వైద్యుడు, కావలి