పిల్లలకు కాదు, పెద్దలకు చెప్పండి

సంపాదకుడు గారికి,

సైన్స్ డే నాడు మా ఊళ్లో జరిగిన సభ గురించి మీ పత్రికలో ఫొటోతో సహా వేశారు. ‘విద్యార్థులు శాస్త్రవేత్తలు కావాలి’ అన్నారట ముఖ్య అతిథి గారు. ఆ సభలో వెనక వరసలో నేనూ ఉన్నాను. పదింటికని చెప్పి పన్నెండింటికొచ్చారు. శాలువా కప్పించుకుని, పిల్లలు వారం రోజులు కూర్చుని చేసిన ఒక్క నమూనా కూడా చూడకుండా వెళ్లిపోయారు. అది మాత్రం మీ వార్తలో లేదు.

31 ఏళ్లు డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. (నా ఖాళీలో ఇప్పటికీ గెస్ట్ ఫ్యాకల్టీయే.) శాస్త్రవేత్తలు కావాలని పిల్లలకు లేక కాదండీ. నా దగ్గర ఒకమ్మాయి చదివేది. టైట్రేషన్‌లో, అంటే బ్యూరెట్ అనే కొలగొట్టంలోంచి ద్రావణాన్ని రంగు మారేదాకా చుక్కచుక్కగా వదిలే ప్రయోగంలో, ఆఖరి చుక్క దగ్గర కొళాయి మీద వేళ్లు ఆనించి ఊపిరి బిగబట్టేది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకటే రీడింగు. మిగతావాళ్లు అదే వేసుకునేవారు. రికార్డులే డబ్బిచ్చి రాయించుకునే రోజులు, వాళ్లననేదేముంది! ఎమ్మెస్సీ అయ్యాక ఆ పిల్లకు పీహెచ్‌డీ సీటొచ్చింది. వాళ్ల నాన్నగారు మా ఇంటికొచ్చి, ఇచ్చిన కాఫీ ముట్టుకోకుండా అడిగారు: “అంతకు మించి చదివిన కుర్రాణ్ణి ఎక్కడ తెమ్మంటారు మాస్టారూ?” నా దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంట్లో ట్యూషన్లు చెబుతోంది.

మగపిల్లలదీ అదే గోల. బీఎస్సీలో చేరాడంటే చుట్టాలు “అయ్యో, ఎంసెట్‌లో ర్యాంకు రాలేదా?” అని పరామర్శకొస్తారు. రీసెర్చికి వెళ్తే జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, అదీ 2023లో పెంచాక. ఆ డబ్బయినా నెలనెలా చేతికొస్తుందా అంటే, చాలామందికి రాదు. ఏ తండ్రికి ఏమని నచ్చజెప్పను?

1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ బయటపడిందనే కదా ఈ పండుగ. అదే రామన్ గారు 1933లో, ఆడపిల్లవని చెప్పి కమలా భాగవత్‌కు (తర్వాత కమలా సోహోనీగా పేరుపొందిన బయోకెమిస్టు) తాను డైరెక్టరుగా ఉన్న బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సీటివ్వనన్నారు. ఆవిడ పట్టుబడితే ఏడాది చూస్తానని షరతు పెట్టి చేర్చుకున్నారు. 1939లో ఆవిడ కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ తీసుకున్నారు. ఆవిడ నాన్నా బాబాయీ కెమిస్టులే, ఇంట్లోవాళ్లు వెనక నిలబడ్డారు. నా దగ్గర చదివిన ఆ అమ్మాయి వెనక ఎవరున్నారు? ఈ సంగతి ఆ వేదిక మీద ఒక్కరూ ఎత్తలేదు.

వచ్చే ఏడు సభకు తల్లిదండ్రులను కూడా పిలిపించండి. ముఖ్య అతిథి గారి పిల్లలు ఏం చదువుతున్నారో, ఏ దేశంలో ఉన్నారో అక్కడే చెప్పిస్తే ఇంకా బాగుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్,
గుంటూరు జిల్లా