ఐదో ఆట ఎవరిది?

సంపాదకులకు,

మన ఊరి కుర్రవాడు తీసిన సినిమాను రెండో రోజుకే ఎత్తేశారన్న వార్తను గతవారం మీ జిల్లా పేజీలో నాలుగు వరుసల్లో ముగించారు. జనం రాలేదన్న హాలు యాజమాన్యం వాదన అందులో ఉంది గానీ, ఆ సినిమాకు దక్కింది ఉదయం ఎనిమిదిన్నర ఆట అన్న ముక్క లేదు. పిల్లలను బడికి, పెద్దలను పనికి పంపే ఆ వేళ విజయనగరంలో సినిమాకు ఎవరు వెళ్తారో ఆ యాజమాన్యమే సెలవివ్వాలి.

2022 మార్చి నాటి జీవో 13 ప్రకారం రోజుకు ఐదు ఆటలు వేసుకునే హాళ్లు అందులో ఒకటి చిన్న సినిమాకు, అదీ ఉదయం 11 నుంచి రాత్రి 9 గంటల మధ్య, ఇవ్వాలి. ఐదో ఆట రాబడి గుర్తున్నవారికి ఈ షరతు ఎందుకు గుర్తుండదో తెలియదు. పెద్ద హీరోల సినిమాలకు టికెట్ ధరలు పెంచుకునే అనుమతులు మాత్రం రాత్రికి రాత్రే దిగుతాయి, తెల్లారేసరికి అమలవుతాయి. పైగా ఆ జీవో లెక్కలో 20 కోట్లలోపువన్నీ చిన్న సినిమాలే కనుక, తల్లి నగలు తాకట్టు పెట్టి తీసినదీ, పంతొమ్మిది కోట్లు పోసి తీసినదీ ఒకే ఆట కోసం పోటీ పడాలి.

ఇతనికి అడ్వాన్సు ఇచ్చే డిస్ట్రిబ్యూటరు లేడు. హాలు అద్దె, డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీలు ముందుగా తానే చెల్లించి, పోస్టర్లు కూడా స్నేహితులతో కలిసి తానే అంటించుకున్నాడు. చూసిన కొద్దిమందిలో నేనొకణ్ణి. ద్వితీయార్ధంలో శబ్దం బాగాలేని మాట నిజమే. అయితే ఇన్నేళ్లుగా వెండితెర మీద నవ్వులాటకే పనికొచ్చిన మన యాసను ఇతడు కథానాయకుడి నోట, అదీ దుఃఖ సన్నివేశంలో, వెకిలితనం లేకుండా పలికించాడు. 1892లో కన్యాశుల్కం తొలిసారి ఆడిన ఊరు మనదని గురజాడ జయంతికీ వర్ధంతికీ దండలు వేసి ఉపన్యసించే పెద్దలెవరూ నేను వెళ్లిన ఆటలో కనబడలేదు.

హాళ్ల లైసెన్సు అధికారం జాయింట్ కలెక్టరుదే కనుక, ఏ హాలు ఏ వేళకు ఏ సినిమా వేస్తున్నదో పట్టికలు తెప్పించుకుని పరిశీలించాలి. సభలూ సన్మానాలూ లేని రోజుల్లో ఆనందగజపతి ఆడిటోరియాన్ని ఇటువంటి సినిమాలకు నామమాత్రపు అద్దెకు ఇవ్వాలి. ఆ కుర్రవాడు రెండో కథ రాసుకుంటున్నాడట. అది పూర్తయ్యేలోగా ఈ రెండు పనులూ జరిగితే చాలు.

– ఒక పాఠకుడు, విజయనగరం