చంటిపిల్లను ఎవరికిచ్చి కాలేజీకి వెళ్లాలి?

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను గుంటూరులో ఏటుకూరు రోడ్డు వైపు ఒక వీధిలో లేడీస్ టైలర్ని. ముప్పై ఏళ్లుగా జాకెట్లు, ఫాల్స్, పికో, స్కూలు యూనిఫాంలు కుడుతున్నాను. పేపరు రోజూ చదువుతాను గానీ పేపరుకి రాయడం ఇదే మొదలు. బాల్య వివాహాన్ని అధికారులు ఆపారని మొన్న వార్త చూశాను. సంతోషం. ఆగని పెళ్లిళ్ల సంగతేమిటి? అలా పెళ్లై, ఏడాదిన్నర తిరక్కుండా తల్లైన పిల్ల మళ్లీ చదువుకుంటానని బయల్దేరితే ఏం జరుగుతుందో నా షాపులో కూర్చుని చూశాను. అది చెబుదామనే ఈ ఉత్తరం.

క్రిందటేడు కాలేజీలు తెరిచిన కొత్తలో మా వెనక వీధి పిల్ల యూనిఫాం టాపు మడత పెట్టి పట్టుకొచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరినప్పుడు నేను కుట్టిందే అది. ఆ తర్వాత పెళ్లి చేశారు, పదహారు నిండాయో లేదో. పాప పుట్టింది, చదువు ఆగింది. కాస్త ఒళ్లు చేసింది కదా, వదులు చేయాలేమో అనుకుని టేపు తీశాను. “వదులు కాదు పెద్దమ్మా, పాలివ్వడానికి వీలుగా చేసి పెట్టు” అంది తల వంచుకుని. పక్క కుట్లు విప్పి చంక కింద నుంచి రెండు వైపులా జిప్పులు పెట్టాను, చున్నీ వేసుకుంటే కనపడకుండా. ఎదర లోపలి వైపు మెత్తటి నూలు గుడ్డ రెండు పొరలు వేశాను, పాలు కారినా బయటికి మరక తేలకుండా. ఇన్నేళ్లలో కాలేజీ యూనిఫాంకి ఇలాంటి ఆల్టరేషన్ చేయలేదు. డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు.

అంతకుముందు ఆ పిల్ల తను మానేసిన ప్రైవేటు కాలేజీకి వెళ్లి అడిగిందట. “మిగతా ఆడపిల్లల తల్లిదండ్రులు ఏమంటారమ్మా” అని మర్యాదగానే పంపించేశారు. చివరికి ఒక ప్రభుత్వ కాలేజీలో సీటు దొరికింది, అదే బైపీసీలో. నర్సింగ్ చేయాలని ఆశ. సీటు దొరికింది సరే, పాపని ఎవరికివ్వాలి?

వాళ్లమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు, సంక్రాంతి దాటిందంటే మిర్చి యార్డు నిండా కాయే. అక్కడి నుంచి ఎండాకాలం దాకా షెడ్లలో, కోల్డ్ స్టోరేజీల దగ్గర ఆడవాళ్లకి చేతినిండా పని. ఇంటర్ పరీక్షలూ ఆ నెలల్లోనే. ఏడాది మొత్తానికి నాలుగు డబ్బులు కళ్లజూసే రోజులు అవి. వాటిని వదులుకుని మనవరాలిని ఎత్తుకుని కూర్చోమని ఏ నోటితో అంటాం? పని నుంచి వచ్చాక కూడా ఆవిడ పిల్లని ముట్టుకోదు. సబ్బుతో తోమినా, కొబ్బరినూనె రాసినా వేళ్లలోంచి ఘాటు పోదు. ఒకరోజు మర్చిపోయి పాప మూతి తుడిచింది. ఆ ఏడుపుకి ఆ రాత్రి మా రెండు వీధులూ మేలుకున్నాయి.

పాప తండ్రి గురించి కూడా చెప్పాలి, అతనూ పిల్లాడే. పందొమ్మిదేళ్లకి పెళ్లి చేశారు, ఐటీఐ మధ్యలో వదిలేసి ఆటో తోలుతున్నాడు. మంచివాడే, భార్య చదువుకి అడ్డు చెప్పలేదు. రేపు అతను మళ్లీ ఐటీఐకి వెళ్తానంటే మాత్రం “మరి పాపనెవరు చూస్తారు” అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న ఆడపిల్లకే.

మా పక్క సందులో అంగన్‌వాడీ ఉంది. టీచరమ్మ మంచిది. కానీ మూడేళ్లు నిండితేనే పిల్లల్ని కూర్చోబెట్టుకుంటారు. అంతకంటే చిన్నపిల్లలకి బాలామృతం, గుడ్లు, పాలు ఇంటికిచ్చి పంపుతారు. “ఉంచుకోవాలనే ఉందక్కా, నేనూ ఆయా ఇద్దరమే. వంట, రికార్డులు, ఫోన్లో ఫొటోలు, మధ్యలో ఎనిమిది నెలల పిల్లని ఎక్కడ పెట్టుకోను” అని టీచరమ్మ నాతోనే అంది. నిజమే కదా.

అలా పాప నా షాపుకి వచ్చింది. నేనే తెమ్మన్నాను, గొప్పకి పోయి. పైకప్పు కొక్కేనికి పాత చీరతో ఉయ్యాల కట్టాను. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే తల్లి పరుగెత్తుకొచ్చి, ట్రయల్ రూం పరదా వేసుకుని పాలిచ్చి, నాలుగు ముద్దలు తిని మళ్లీ పరుగు. రెండు నెలలు బాగానే జరిగింది. తర్వాత పాప పాకడం మొదలుపెట్టింది. టైలరు షాపులో నేల మీద ఏముంటాయో మీరే ఊహించుకోండి. సూదులు, గుండుపిన్నులు, హుక్కులు, కత్తెర, ఇస్త్రీ పెట్టె వైరు. రోజూ పొద్దున్నే అయస్కాంతం తాడుకి కట్టి నేలంతా ఈడ్చేదాన్ని. అయస్కాంతానికి బొత్తాలు అంటుకోవు కదా. ఒకరోజు జాకెట్టు ట్రయల్‌కి వచ్చినావిడతో మాట్లాడి తిరిగేసరికి పాప మొహం ఎర్రబడి, నోట మాట లేదు. బోర్లా తిప్పి వీపు మీద చరిచి, వేలు పెట్టి తీశాను, చొక్కా బొత్తం. చిటికెలో అయిపోయింది. నాకు మాత్రం ఆ రోజంతా మిషను తొక్కడానికి కాళ్లు వణికాయి.

సాయంత్రం ఆ పిల్ల వచ్చాక చెప్పేశాను, ఇక నా వల్ల కాదమ్మా అని. ఏమీ అనలేదు. ఉయ్యాల చీర విప్పి మడత పెట్టి ఇచ్చి వెళ్లింది. తర్వాత పదకొండు రోజులు కాలేజీకి పోలేదు. హాజరు 75 శాతం ఉండాలి, అక్కడ ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. ఆ తర్వాత ఒకరోజు వాళ్లమ్మ మానుకుని, ఒకరోజు మొగుడు ఆటో ఆపుకుని, ఒకరోజు మా చిన్నకోడలు పట్టుకుని, ఎలాగో పరీక్షల దాకా నెట్టుకొచ్చారు.

పరీక్ష తొమ్మిదింటి నుంచి పన్నెండింటి దాకా. ఎనిమిదింటికే గేటు బయట చెట్టు కింద పాలిచ్చి లోపలికి పోయేది. ఫిజిక్స్ రోజున పదకొండు దాటేసరికి పాలు చేపుకొచ్చాయట. నేను వేసిన రెండు పొరలూ ఆగలేదు. చున్నీ తడిసి ఒంటికి అతుక్కుంది. ఇన్విజిలేటరు మగాయన. రెండు చేతులూ ఎదకి అడ్డం పెట్టుకుని ముందుకి వంగి కూర్చుందే గానీ చివరి పెద్ద ప్రశ్నలు రెండూ రాయలేకపోయింది. “వచ్చినవే పెద్దమ్మా అవి” అంది బయటికొచ్చాక. మిగతావన్నీ పాసై అదొక్కటే పోయింది, నాలుగు మార్కుల తేడాతో. సప్లిమెంటరీకి నేను షాపు మూసి వెళ్లి పాపని ఎత్తుకుని కూర్చున్నాను. ఆ ఒక్కరోజు కాబట్టి కూర్చోగలిగాను.

నా గోడు ఇదే. ఇరుగుపొరుగు ఎవరో ఒకరు చూస్తారులే అంటారందరూ. ఆ ఎవరో ఒకర్ని నేనే. చంటిపిల్లని చూడటం అంటే అదే పనిగా చూడాలి. వేరే పని చేసుకుంటూ ఓ కన్ను వేసి ఉంచితే కుదిరేది కాదు. జీతం తీసుకుని ఆ ఒక్క పనే చేసే మనిషి ఉండాలి, నేల మీద సూదుల్లేని గది ఉండాలి, అది తల్లి పది నిమిషాల్లో నడిచొచ్చి పాలిచ్చి పోయేంత దగ్గరలో ఉండాలి.

ఇదేమీ కొత్త కోరిక కాదు. ఉపాధి హామీ చట్టం 2005లో రాసినప్పుడే, పని దగ్గర ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్లని చూడటానికి ఒక మనిషిని పెట్టాలని రాశారు. 2017లో ప్రసూతి చట్టం మార్చి, యాభై మందీ అంతకు మించీ పనిచేసే చోట క్రెష్, అంటే చంటిపిల్లల్ని చూసే గది, ఉండాలనీ, తల్లిని రోజుకి నాలుగుసార్లు పిల్ల దగ్గరికి పోనివ్వాలనీ పెట్టారు. అవన్నీ ఎంతవరకు జరుగుతున్నాయన్నది వేరే సంగతి, రాతలో అయినా ఉన్నాయి. పలుగు పట్టిన తల్లికి, ఆఫీసు తల్లికి ఉన్న రాత, పుస్తకం పట్టిన తల్లికి లేదు. ఎందుకంటే పుస్తకం పట్టిన పిల్ల తల్లై ఉంటుందని ఒప్పుకోవడం మనకి నామోషీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో, గర్భిణులో అని తేలింది. దేశం మొత్తం మీద అది 6.8 శాతం. మా చిన్నవాడు ఫోన్లో తీసి చూపిస్తే రెండుసార్లు చదివించుకున్నాను.

మా చెల్లెలి కూతురు న్యూజిలాండ్‌లో చిన్నపిల్లల సెంటర్లో పనిచేస్తుంది. ఈ సంగతి ఫోన్లో చెప్పుకుంటుంటే, అక్కడ పెద్ద హైస్కూళ్లకి అనుబంధంగా చిన్నవయసు తల్లుల కోసం వేరే బడులున్నాయంది. పక్కనే పసిపిల్లల సెంటరు. తల్లి క్లాసులో ఉంటుంది, పిల్ల గోడవతల ఉంటుంది, ఏడిస్తే పిలుస్తారు. మొదటిది 1994లో పోరిరువా అనే ఊళ్లో పెట్టారట. ముప్పై ఏళ్లు దాటింది. నేను అప్పుడే మిషను కొనుక్కున్నాను.

అంత దూరం ఎందుకు, ఈ ఊళ్లోనే ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు 1922లో ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టారు. బాల వితంతువులకి మళ్లీ పెళ్లిళ్లు చేయించిన దంపతులు. బాల్య వివాహం తప్పు కదా, దాని పాలబడ్డ పిల్లల మొహం మేము చూడం అని వాళ్లు కూర్చోలేదు.

కాలేజీ దగ్గర పిల్లల గది పెడితే చిన్న వయసు పెళ్లిళ్లని ప్రోత్సహించినట్టు కాదా అని మా వీధి చివర రిటైర్డ్ మాస్టారు అడిగారు. మాస్టారూ, నా పెళ్లి 1986లో, తొమ్మిదో తరగతి పరీక్షల ముందు. అప్పుడు ఏ క్రెష్ చూసి చేశారు? నా లెక్కల నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీదే మొదటి జాకెట్ల కొలతలు రాసుకున్నాను. పెళ్లి చేసినవాళ్ల మీద కేసు పెట్టాలంటే పెట్టండి, చట్టం ఉంది. పిల్ల చదువుకి మాత్రం ఆ శిక్ష వేయకండి. ఓపెన్ స్కూల్లో కట్టించొచ్చుగా అని ఇంకొకరు. మంచిదే, మా వీధిలోనే ఇద్దరు అలా పాసయ్యారు. కానీ కోడలు ఇంట్లో ఉండి చదువుకోవడమంటే అంట్లు, బట్టలు, పిల్ల, వంట అయ్యాక మిగిలితే చదువుకోవడం. కాలేజీకి బయల్దేరితే కనీసం ఆ కొన్ని గంటలూ ఆమెవి.

కేంద్రం ‘పాల్నా’ అనే పేరుతో ఒక పథకం పెట్టింది. అంగన్‌వాడీతో కలిపి క్రెష్, ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల దాకా, నెలకి 26 రోజులు, రోజుకి ఏడున్నర గంటలు. తల్లి ఉద్యోగం చేస్తున్నా చేయకపోయినా పిల్లని చేర్చుకోవచ్చు. మహిళా శిశు సంక్షేమ శాఖ, ఇంటర్ విద్య వాళ్లు ఒక్కరోజు కలిసి కూర్చుంటే చాలు. గుంటూరులో ప్రభుత్వ కాలేజీల్లో ఆడపిల్లలు ఎక్కువున్న ఒక్కదాన్ని ఎంచుకుని, గేటుకి దగ్గర్లో అలాంటి గది ఒకటి తెరవమనండి. అందరు తల్లుల పిల్లలూ రావాలి అందులోకి, కూలికి పోయేవాళ్ల పిల్లలతో సహా. అప్పుడు ఇది ఫలానా పిల్లల గది అని వేలు పెట్టి చూపరు. కాన్పుకి పోయిన నెలల్ని హాజరు లెక్కలోంచి తీసేయాలి. పరీక్ష హాల్లో చంటిబిడ్డ తల్లికి ఒక పది నిమిషాలు బయటికి పోయే వీలుండాలి, పోయిన టైము మళ్లీ ఇవ్వాలి. ఫిజిక్స్ పేపరులో ఆ పిల్లకి తగ్గింది పది నిమిషాలే.

గదికి కావలసిన బొంతలు, దిండు గలేబులు, కిటికీ పరదాలు నేను కుట్టి ఇస్తాను. పాత నూలు చీరలతో కుట్టిన చిన్న బొంతలు ఆరు ఇప్పటికే షాపులో ఉన్నాయి. బొత్తాలు లేవు, అంచులకి నాడాలు కూడా పెట్టలేదు.

ఇట్లు
ఒక టైలరు, గుంటూరు
(నా పేరు వేస్తే ఆ పిల్ల ఎవరో మా వీధి వాళ్లకి తెలిసిపోతుంది. దయచేసి వేయకండి.)