పరీక్ష గదిలో ఆ ఫోన్ ఉండనివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను. కాటా దగ్గర టిక్కీల (మిర్చి బస్తాల) బరువులు రాసుకోవడం, సాయంత్రానికి చిట్టా కట్టడం నా పని. మా అమ్మాయి ఇక్కడే ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతోంది. పదకొండో ఏట ఆమెకు టైప్ 1 షుగర్ వచ్చింది. ఈ ఉత్తరం ఆమె షుగర్ చూసుకునే ఫోన్ గురించి.

షుగర్ అనగానే "అంత చిన్నపిల్లకా? స్వీట్లు ఎక్కువ పెట్టారా?" అని అడుగుతారు. ఇది స్వీట్లతో వచ్చేది కాదు. రోగాలతో పోరాడాల్సిన ఒంట్లోని రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. ఆ తర్వాత ఇన్సులిన్ బయటి నుంచి ఇవ్వాల్సిందే, మాత్రలతో జరగదు. మా అమ్మాయి మూడు పూటలా తినేముందు ఒక్కో సూది, రాత్రి పడుకునేముందు ఇంకో సూది వేసుకుంటుంది. ఎన్ని ఇడ్లీలు తింటుందో చూసుకుని దానికి తగినన్ని యూనిట్ల ఇన్సులిన్. మందు తక్కువైతే షుగర్ పెరుగుతుంది, ఎక్కువైతే పడిపోతుంది. పెరిగితే గంటల్లో చూసుకోవచ్చు. పడిపోతే మాత్రం నిమిషాల్లో చూడాలి.

అందుకే సెన్సార్ పెట్టించాం. రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దగా, గుండ్రంగా ఉంటుంది. భుజం కింద, చేతి వెనక వైపు అంటిస్తారు. వెంట్రుకలాంటి తీగ ఒకటి చర్మం కింద ఉండి అక్కడి ద్రవంలో గ్లూకోజ్‌ను కొలుస్తుంది. పద్నాలుగు రోజులు పనిచేస్తుంది. ఫోన్‌ను దాని దగ్గర పెడితే అంకె కనిపిస్తుంది, పక్కనే ఒక బాణం కూడా. నాకు ఆ బాణమే అన్నిటికన్నా ముఖ్యం. వేలు పొడిచి చూసే మీటరు 112 అని చెప్పి ఊరుకుంటుంది. 112 అంటే మంచి అంకే. కానీ పక్కన బాణం నిట్టనిలువుగా కిందికి ఉందంటే నిమిషానికి రెండు పాయింట్లకు పైగా పడుతోందని అర్థం. ఇరవై నిమిషాల్లో 70కి వచ్చేస్తుంది. 70 దాటి కిందికి పోతే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ప్రశ్న చదివినా తలకెక్కదు. 54 కన్నా తగ్గితే అది ప్రమాదం. బాణం చూసి ముందే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నోట్లో వేసుకుంటే, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసుకుంటే, అసలు అక్కడిదాకా రాదు. చర్మం కింది అంకె రక్తంలో అంకెకు ఐదు పది నిమిషాలు వెనకబడి ఉంటుంది కాబట్టి, ఒంట్లో తేడాగా ఉంటే వేలు కూడా పొడిచి చూడమని డాక్టరు గారు చెప్పారు. మా అమ్మాయికి ఇవన్నీ నాకన్నా బాగా తెలుసు.

సెన్సార్ ఒక్కోటి మాకు ఐదు వేల దాకా పడుతోంది, అంటే రోజుకు మూడు వందల యాభై పైనే. నా జీతంలో నెలకు రెండు కొనలేను. పరీక్షలున్న నెలలో, జ్వరాలు వచ్చినప్పుడు పెడతాం. మిగతా రోజుల్లో వేళ్ళు పొడుచుకోవడమే. నా ఫోన్‌లో, దగ్గర పెడితే చదివే ఎన్ఎఫ్‌సీ అనే సదుపాయం లేక అది సెన్సార్‌ను చదవలేదు. ఆమె కోసం చేబదులు తెచ్చి ఇంకో ఫోన్ కొన్నాను.

కాలేజీలోకి ఫోన్లు తేనివ్వరు కాబట్టి ఆ ఫోన్ రోజూ గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో ఉంటుంది. కాలేజీ ఉదయం ఏడు నుంచి రాత్రి ఏడు దాకా. ఈ సెన్సార్ తన లోపల ఎనిమిది గంటల లెక్క మాత్రమే దాచుకుంటుంది. ఆలోగా ఫోన్ ఆనించి స్కాన్ చేయకపోతే పాతది చెరిగిపోతుంది. ఆమె స్కాన్ చేసినప్పుడల్లా ఆ అంకె యార్డులో ఉన్న నా ఫోన్‌లోకీ వస్తుంది. పొద్దున ఆరున్నరకు ఒకటి వస్తుంది. తర్వాతది రాత్రి ఏడున్నర దాటాకే. మధ్యలో పగలంతా నేను బరువులు రాస్తూనే ఆ ఖాళీని చూస్తూ ఉంటాను. ఆ టెన్షన్ ఎలాంటిదో ఇలాంటి బిడ్డ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

మొన్న ఒక శనివారం వీక్లీ టెస్ట్ రోజున నేను భయపడుతున్నదే జరిగింది. మూడు ఇడ్లీలకు సరిపడా మందు వేసుకుంది. ఆటో వచ్చిందని ఒకటిన్నర తిని లేచిపోయింది. టెస్ట్ మొదలైన కాసేపటికి చేతులు వణికాయట. నీళ్ళు కావాలని చెయ్యెత్తితే ఇన్విజిలేటర్ సగం టైమ్ అయ్యాక అన్నారు. గ్లూకోజ్ ప్యాకెట్ సంచిలో ఉంది, సంచులన్నీ బయట వరండాలో ఉన్నాయి. పెన్ను చేతిలోంచి జారిపోవడం వెనక బల్లమీద కూర్చున్న స్నేహితురాలు చూసింది. ఆ పిల్ల ఎవర్నీ అడక్కుండా లేచి పరుగున వెళ్ళి సంచి తెచ్చింది. ఆ తల్లికి నా దండాలు. కాలేజీ వాళ్ళు నాకు ఫోన్ చేయలేదు. రాత్రి ఇంటికి వచ్చాక అమ్మాయే చెప్పింది. వెంటనే గ్రాఫ్ తీసి చూశాం. మధ్యాహ్నం పన్నెండు ముందు నుంచి గీత ఉంది. పొద్దున ఎనిమిది గంటల చోట ఏమీ లేదు. "ఎంతకు పడింది? ఎంతసేపు ఉంది?" అని డాక్టరు గారు అడిగితే చెప్పడానికి మా దగ్గర అంకె లేదు. మందు తగ్గించాలో వద్దో చెప్పాల్సిన లెక్క అదే.

ప్రిన్సిపాల్ గారిని కలిశాను. కాలేజీ పేరు రాయను, ఆమె ఇంకా అక్కడే చదవాలి. ఆయన మర్యాదగానే మాట్లాడారు. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు అన్నారు. ఫోన్లు వద్దనడం తప్పని నేనూ అనను, నాకూ ఆడపిల్ల ఉంది. అందుకే ఇలా అడిగాను: సిమ్ తీసేసి ఇస్తాను, స్కాన్ చేయడానికి నెట్ అక్కర్లేదు. ఫోన్ ఆమె దగ్గర వద్దు, క్లాసులో ఉన్న లెక్చరర్ బల్లమీద ఉండనివ్వండి. రెండు గంటలకోసారి, పరీక్ష రోజైతే గంటకోసారి, ఆమె వెళ్ళి చెయ్యి ఆనించి చూసుకుని వస్తుంది. క్షణం పని. కొత్త రకం సెన్సార్లు బ్లూటూత్ మీద వాటంతటవే అంకె పంపుతాయి, పడిపోతుంటే ఫోన్ మోగుతుంది. వాటికైనా ఫోన్ దగ్గర్లో ఉండాలి, గేటు దగ్గర ఉంటే అందదు. "పైవాళ్ళ నుంచి కాగితం ఏదైనా ఉంటే చూద్దాం" అన్నారు ఆయన.

కాగితం ఉంది. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ టైప్ 1 షుగర్ ఉన్న పిల్లల గురించి రాష్ట్రాలకు రాసింది. పరీక్షల్లో చక్కెర బిళ్ళలు, పండ్లు, నీళ్ళు, గ్లూకోమీటరు తెచ్చుకోనివ్వాలని, ఒంటికి అంటించిన సెన్సార్లను ఉంచుకోనివ్వాలని, రీడింగ్‌కు స్మార్ట్‌ఫోన్ కావాల్సి వస్తే దాన్ని టీచరు చేతికో ఇన్విజిలేటర్ చేతికో ఇచ్చి చూడవచ్చని అందులో ఉంది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడాదే తన బడులకు ఉత్తర్వులు ఇచ్చింది. సీబీఎస్ఈ అయితే 2017 నుంచే షుగర్ ఉన్న పిల్లలను తినే వస్తువులు పరీక్షకు తెచ్చుకోనిస్తోంది. నేను ప్రిన్సిపాల్ గారిని అడిగిందీ సరిగ్గా ఇదే, అప్పటికి నాకు ఈ సంగతి తెలియదు. ఆయనకూ తెలియదు.

ఇంటర్ బోర్డు అధికారులకు నా విన్నపం. పబ్లిక్ పరీక్షలకు ముందే ఈ మాట ప్రతి కాలేజీకీ, ప్రతి సెంటర్‌కూ రాతపూర్వకంగా పంపండి. డాక్టరు సర్టిఫికెట్ తెచ్చిన పిల్లల హాల్‌టికెట్ మీద ఒక ముద్ర వేయండి. అది ఉంటే గేటు దగ్గర తనిఖీ చేసేవాళ్ళు చేతి మీద సెన్సార్ చూసి పీకమనరు. ఒకసారి పీకితే అది మళ్ళీ అంటదు, పనికిరాదు. రేపు నీట్ రాయాలంటే పొట్టి చేతుల చొక్కానే వేసుకోవాలి, అది అందరికీ కనిపిస్తుంది. "ఆడపిల్ల, ఎవరికీ కనపడనివ్వకండి, సంబంధాలు రావు" అని మా చుట్టాలే అంటారు. దాచిపెట్టబట్టే ఆ రోజు పరీక్ష గదిలో ఆ సారుకు ఏమీ తెలియలేదు. అందుకే ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. ఆమె పేరు మాత్రం రాయవద్దని అడిగింది కాబట్టి నా పేరూ రాయడం లేదు.

పబ్లిక్ పరీక్షల కోసం ఒక సెన్సార్ ఇప్పటికే కొని బీరువాలో పెట్టాను. పెట్టిన మొదటి రోజు అంకెలు కాస్త అటూ ఇటూగా ఉంటాయి కాబట్టి, మొదటి పరీక్షకు రెండు రోజుల ముందు అంటిస్తాం. ఆలోగా ఆ కాగితం రావాలి.

ఇట్లు,
ఒక తండ్రి,
గుంటూరు.